ఆ బటన్ ఎవరు నొక్కాలి?

ఈ కథలో తెలివితక్కువవాడు ఎవరా అని మీరు చివరిదాకా వెతుక్కోనక్కర్లేదు. నేనే. పేరు కనపర్తి పానకాలరావు. ఉచిత సాఫ్ట్‌వేర్ అమలు సంచాలక కార్యాలయంలో టెక్నికల్ అసిస్టెంటుని. ఆఫీసు పేరు పొడుగేగానీ ఉన్నవి రెండు గదులూ ఒక వరండా. గదుల్లో అధికారులుంటారు. వరండాలో పాడైపోయిన కూలరూ నేనూ ఉంటాం.

ఆ ఏడు పైవాళ్లకి లైనక్స్ మీద ప్రేమ పుట్టింది. లైనక్స్ అంటే బ్రహ్మపదార్థమేం కాదండీ, కంప్యూటర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్. ఒకరి సొత్తు కాదు, ఊరికే దొరుకుతుంది. శాఖా గ్రంథాలయాల్లో మూలుగుతున్న పాత కంప్యూటర్లన్నిటికీ అది ఎక్కించమన్నారు. ఎక్కించాం. అన్నీ బాగానే నడిచాయి, ఒక్క వైఫై దగ్గర చిక్కొచ్చింది. ఆ పాత పెట్టెల్లో వైఫై కలపాలంటే నల్లటి తెర తెరిచి, నాలుగు వరసల ఇంగ్లీషు కమాండ్లు ఒక్క అక్షరం తప్పులేకుండా కొట్టాలి.

కొత్తరేవు లైబ్రేరియన్ మల్లీశ్వరి గారు ఆ నాలుగు వరసల్నీ చార్టు మీద స్కెచ్ పెన్నుతో రాసి "నిశ్శబ్దం పాటించండి" బోర్డు కింద అంటించారు. అయినా రెండో రోజే ఫోన్ చేశారు.

"పానకాలు గారూ, పొద్దున కరెంటు పోయి వచ్చిందండీ. ఎనిమిది కంప్యూటర్లు, ఒక్కోదానికి నాలుగేసి వరసలు. కొట్టేసరికి పదకొండయింది. నేను పుస్తకాలెప్పుడివ్వాలి, పేపర్లెప్పుడు సర్దాలి? అక్కడ ముప్ఫైమంది ఆడపిల్లలు కూర్చుని నా మొహం చూస్తున్నారు. ఒక్క మీట పెడితే మీ సొమ్మేం పోయింది?"

ఆ ముప్ఫైమందీ ఉద్యోగ పరీక్షలకి చదువుకునేవాళ్లు. దరఖాస్తులు, హాల్ టికెట్లు, పాత ప్రశ్నపత్రాలు, అన్నీ ఆ ఎనిమిది కంప్యూటర్ల మీదే. ఊళ్లో ఇంకో నెట్ సెంటర్ లేదు. పట్నం పోయి చదువుకుంటామంటే పంపే ఇళ్లు కావు వాళ్లవి. దానికి తోడు మా ఆఫీసు నుంచే ఒక సర్క్యులర్ వెళ్లి ఉంది: "ముప్ఫై దినములపాటు అంతర్జాలమునకు అనుసంధానము కాని పరికరములను నిరుపయోగ ఆస్తులుగా పరిగణించి ప్రధాన కార్యాలయమునకు తరలించవలెను."

నాకు జాలేసింది. జాలికన్నా ముందు పౌరుషమొచ్చింది, నిజం చెప్పాలిగా. ఆదివారం ఇంట్లో కూర్చుని ఒక చిన్న ప్రోగ్రాం రాశాను. చుట్టుపక్కల ఏయే వైఫైలున్నాయో చూపిస్తుంది, పాస్‌వర్డ్ అడుగుతుంది, కింద "కనెక్ట్" అని ఒక బటన్ ఉంటుంది. నొక్కితే కలుస్తుంది. అంతే. మొత్తం రెండువందల పన్నెండు లైన్లు. మా ఆవిడ రెండుసార్లు అన్నానికి పిలిచేలోపు అయిపోయింది.

కొత్తరేవులో పెట్టాం. నడిచింది. మల్లీశ్వరి గారు చార్టు చింపి అవతల పారేసి, పండుమిరపకాయ పచ్చడి సీసా ఒకటి బస్సు కండక్టరుకిచ్చి పంపారు. పచ్చడితోపాటు ఒక చీటీ. "దీని తాలూకు కాగితాలు పంపండి. గ్రంథాలయంలోకి ఏది వచ్చినా అక్సెషన్ రిజిస్టర్లో ఎక్కాలి. నంబరు లేనిది మా దగ్గర లేనట్టే లెక్క."

నాకు నవ్వొచ్చింది. ప్రోగ్రాంకి కాగితాలేమిటి, పిచ్చి మనిషి అనుకున్నాను. అయినా పచ్చడి తిన్న మొహమాటం కొద్దీ ఆ రెండువందల పన్నెండు లైన్లూ ప్రింటు తీసి పంపాను. ఆవిడ వాటికి గోధుమరంగు అట్టతో బైండింగు చేయించి, నాలుగువేల నాలుగువందల పదిహేడో నంబరు వేసి, అలమరాలో పెట్టారట.

అక్కడితో ఆగి ఉంటే నా బతుకు బాగుండేది. ఆగితే పానకాలు ఎందుకవుతాను? ఇంత గొప్ప పని చేసి ఎవరికీ తెలియకపోతే ఎట్లా అనిపించింది. అన్ని గ్రంథాలయాలకీ దీన్ని పంపుదామని ఒక కాగితం రాసి, "నా స్వంత కృషితో" అనే మాట కింద గీత గీసి, డైరెక్టరు సత్యవోలు కామేశం గారి బల్లమీద పెట్టాను. కొరివితో తల గోక్కోవడం అంటే ఇదే.

మర్నాడు మీటింగు పెట్టారు. కామేశం గారిది పెద్ద గొంతు. "ఇది మన కార్యాలయ చరిత్రలో ఒక మైలురాయి. దీన్ని రాష్ట్రవ్యాప్తంగా అమలుపరిచే దిశగా మనం చిత్తశుద్ధితో ముందుకు సాగవలసిన ఆవశ్యకత ఎంతైనా ఉంది," అన్నారు. నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

అప్పుడు మా సూపరింటెండెంట్ ధనకోటేశ్వరరావు గారు కళ్లజోడు ముక్కు చివరికి దించారు. ముప్ఫైనాలుగేళ్ల సర్వీసు ఆయనది. రూల్సు పుస్తకం ఎక్కడ తెరిచినా ఆయనకి కావలసిన పేజీయే వస్తుంది.

"ఈ బటన్ ఎవరు నొక్కుతారు?"

"ఎవరైనా నొక్కొచ్చండీ."

"ఎవరైనా అంటే ఏ కేడరు?"

నేను కామేశం గారి వైపు చూశాను.

"చూడవయ్యా," అన్నారాయన చాలా నిదానంగా, "కంప్యూటరు ప్రభుత్వ ఆస్తి. అది ఇంటర్నెట్‌కి కలిసిందంటే కార్యాలయం గోడ దాటి బయటికి వెళ్లినట్టు. నువ్వు కాఫీకి వెళ్లాలన్నా మూవ్‌మెంట్ రిజిస్టర్లో రాస్తావు కదా. మరి అది ఎవరిని అడిగి వెళ్తోంది? ఏ పని మీద? ఎన్నింటికి తిరిగొస్తుంది?"

కామేశం గారు తల పంకించారు. ఘోరమేమిటంటే నాకు కూడా అది సబబే అనిపించింది! అవును కదా, ఎంత లోతుగా ఆలోచించారు అనుకున్నాను. ఎద్దు ఈనిందంటే దూడని గాటికి కట్టెయ్యమన్నట్టు, "సరేనండీ, కలుపుతాను," అన్నాను.

అట్లా రెండో వెర్షన్ పుట్టింది. కనెక్ట్ నొక్కితే ఒక దరఖాస్తు వస్తుంది. బయటికి వెళ్లు కారణం, బయల్దేరు వేళ, తిరిగి వచ్చు వేళ. అది గుమాస్తాకి వెళ్తుంది, ఆయన "ఆదేశార్థం సమర్పించడమైనది" అని రాసి సూపరింటెండెంటుకి పంపుతాడు, ఆయన అధికారికి. దాని మీద పచ్చసిరా సంతకం బొమ్మ పడితే అప్పుడు వైఫై. ఆ పచ్చరంగు సరిగ్గా కుదరటానికి నాకు రెండు రోజులు పట్టింది. ఎంత ముచ్చటగా వచ్చిందో, మా ఆవిడకి కూడా చూపించాను.

మూడో వెర్షన్‌కి నాంది మా వరండాలోనే పడింది. ధనకోటి గారు ల్యాప్‌టాప్ చంకలో పెట్టుకుని ఈ గదిలోంచి ఆ గదిలోకి నడుస్తుంటే, ఈ గది రౌటర్ వదిలేసి ఆ గది రౌటర్‌కి అదంతట అదే కలిసిపోయింది.

"ఇదేమిటి?" అన్నారు కెవ్వున.

"ఎక్కడ సిగ్నల్ బాగుంటే అక్కడికి మారుతుందండీ."

"మారటమంటే బదిలీ! రిలీవింగ్ ఆర్డరు లేకుండా ఎట్లా వెళ్తుందయ్యా? ఇక్కడి బాధ్యతలు ఎవరికి అప్పజెప్పింది? అక్కడ జాయినింగ్ రిపోర్టు ఏదీ?"

పెట్టాను. పాత రౌటర్ రిలీవింగ్ ఆర్డరు ఇవ్వనిదే కంప్యూటర్ ఎక్కడికీ కదలకూడదు. కొత్త రౌటర్ దగ్గర "పూర్వాహ్నము" లేక "అపరాహ్నము" అని రాసి చేరాలి. మధ్యలో నియమావళి ప్రకారం చేరిక గడువు కూడా ఇచ్చాను. గది నుంచి గదికి పన్నెండడుగులు, ఆరు రోజులు.

నాలుగో వెర్షన్‌లో సీనియారిటీ వచ్చింది. నా ప్రోగ్రాం సిగ్నల్ బలంగా ఉన్న వైఫైని పైన చూపించేది. "బలమున్నవాడికి ముందు పీట వేస్తే అది ఆఫీసెట్లా అవుతుంది, సంత అవుతుంది," అన్నారు ధనకోటి గారు. బిగించిన తేదీ ప్రకారం జాబితా వెయ్యమన్నారు. వేశాను. అందరికన్నా సీనియరు మెట్ల కింద ఉండే రౌటర్. అది పిడుగు పడి కాలిపోయి తొమ్మిదేళ్లయింది. అయినా దాని పదవీ విరమణకి ఉత్తర్వులు లేవు కాబట్టి, ప్రతి కంప్యూటరూ ముందు దాన్ని అడిగి, అది లేదనిపించుకుని, అప్పుడు కిందవాళ్ల దగ్గరికి రావాలి. చచ్చినవాడు లేదని చెప్పటానికి నలభై నిమిషాలు పట్టేది.

ఐదో వెర్షన్‌లో పాస్‌వర్డ్. అంత ముఖ్యమైనది ఒక్కరి దగ్గర ఉండకూడదట. ట్రెజరీ గదికి రెండు తాళాలున్నట్టు సగం లైబ్రేరియన్ దగ్గర, సగం మండల కార్యాలయంలో ఉండాలి. ఇద్దరూ ఒకేసారి వచ్చి, ఒకరిది ఇంకొకరు చూడకుండా మొహం తిప్పుకుని కొట్టాలి. దీనికీ ఒక బొమ్మ గీశాను, తాళం గుత్తి బొమ్మ.

అప్పటికి నా రెండువందల పన్నెండు లైన్లు నలభైవేలు దాటాయి. తా దూర సందు లేదు మెడకో డోలు అన్న సామెత చిన్నప్పుడు కంఠతా పట్టించారు. సమయానికి గుర్తురాలేదు.

ఆఖరున కామేశం గారు ఒక్క మాట అన్నారు. "క్షేత్రస్థాయిలో ఇంకా ఎక్కడైనా ఆ మొదటి వెర్షన్, అంటే ఆ అనధికార వెర్షన్, వాడుకలో ఉంటే అది వ్యవస్థకే సవాలు. దాన్ని సమూలంగా నిర్మూలించే ఏర్పాటు చెయ్యి."

చేశాను. నా చేతులతో నేనే. కొత్త వెర్షన్ ఎక్కగానే పాతది పేరు పట్టి వెతికి, ఎక్కడుంటే అక్కడ తుడిచేసే నాలుగు లైన్లు రాశాను. చేత్తో కమాండ్లు కొట్టే ఆ నల్లటి తెర కూడా ఇక తెరుచుకోకుండా మూసేశాను. ముందు నా కంప్యూటర్ మీదే పరీక్షించాను. అందులో ఉన్న పాత ప్రోగ్రాం పోయింది. గుచ్చి ఉన్న పెన్ డ్రైవ్‌లోదీ పోయింది. ఆఫీసు సర్వర్లో దాచుకున్నదీ పోయింది. పరీక్ష దిగ్విజయంగా ముగిసిందని రిపోర్టు రాశాను.

ఒకటో తారీఖున ఐదో వెర్షన్ అన్ని గ్రంథాలయాలకీ నెట్ ద్వారా దానంతట అదే వెళ్లిపోయింది. మూడో తారీఖున ఫోన్.

"పానకాలు గారూ, మీ బటన్ ఏమైపోయిందండీ? ఇదేదో దరఖాస్తు అడుగుతోంది."

"నింపి పంపండి మేడం. పైనుంచి అనుమతి వస్తుంది."

"ఎట్లా పంపాలి?"

"నెట్‌లోనే."

"నెట్ లేదనే కదండీ దరఖాస్తు పెడుతున్నది?"

పరిగెత్తుకుంటూ ధనకోటి గారి దగ్గరికి వెళ్లాను. ఆయన ఏమాత్రం చలించలేదు. "అందుకేనయ్యా తపాలా శాఖ ఉంది. రిజిస్టర్డ్ పోస్టులో పంపమను."

ఆవిడ పంపారు. ఎనిమిది కంప్యూటర్లకి ఎనిమిది దరఖాస్తులు, మూడేసి ప్రతులు. పదో తారీఖు నుంచి పన్నెండో తారీఖు వరకు బయటికి వెళ్లుటకు అనుమతిస్తూ మా ఆఫీసు ఉత్తర్వు ఇచ్చింది. అది ఆవిడకి పధ్నాలుగున చేరింది. మళ్లీ పంపారు. ఈసారి "గతంలో మంజూరు చేసిన అనుమతిని వినియోగించుకోకపోవడానికి సంజాయిషీ" అడిగారు.

"ఇరవయ్యారుకి హాల్ టికెట్లకి ఆఖరి రోజండీ," అన్నారు ఆవిడ ఫోన్లో. గొంతులో కోపం లేదు, దానికే నాకు భయమేసింది. "పిల్లలు ఏడాదిన్నర చదివారు. పైగా నెలాఖరుకి ముప్ఫై రోజులైతే కంప్యూటర్లే ఎత్తుకుపోతామన్నారుగా మీరు. ఆ పాతదే మళ్లీ పంపండి, పుణ్యముంటుంది."

"లేదు మేడం. నా దగ్గర కూడా లేదు."

"మీరు రాసిందేగా?"

"నేనే చెరిపేశాను."

మళ్లీ రాస్తే సరిపోయేదిగా అంటారా? రాద్దామని కూర్చున్నాను. మూడుసార్లు కూర్చున్నాను. పది లైన్లు రాసేసరికి "ఇది నొక్కేవారి హోదా?" అని చెయ్యి దానంతట అదే టైపు చేస్తోంది. వినాయకుణ్ణి చెయ్యబోతే కోతి అయిందంటారే, నాకు కోతిని చెయ్యటం తప్ప ఇంకేమీ చేతకాకుండా పోయింది. ఆ తర్వాత ఆవిడ ఫోన్ చెయ్యలేదు. నాకూ చేసే మొహం లేదు.

ఈలోగా మా ఆఫీసులో పండగ. కామేశం గారి గోడమీద పెద్ద తెర ఉంది, రాష్ట్రంలో ఎన్ని కంప్యూటర్లు ఐదో వెర్షన్ ద్వారా కలుస్తున్నాయో చూపిస్తుంది. అనధికార అనుసంధానాలు: సున్నా. నియమోల్లంఘనలు: సున్నా. ఫిర్యాదులు, ఆన్‌లైన్‌లో మాత్రమే స్వీకరిస్తాం కాబట్టి, సున్నా.

"నూటికి నూరుపాళ్ల క్రమశిక్షణ!" అన్నారాయన కళ్లలో నీళ్లు తిరుగుతుంటే. నాకు "ఉత్తమ ఆవిష్కర్త" అని రాసిన గాజు పలక ఇచ్చి శాలువా కప్పారు. కప్పించుకున్నాను. వద్దనలేదు. ఫొటోలో నవ్వాను కూడా.

ముప్ఫై ఒకటో తారీఖు పొద్దున్నే లారీ బయల్దేరింది. మొదటి ఊరు కొత్తరేవు. తరలింపు ఉత్తర్వు పట్టుకుని సాంకేతిక ప్రతినిధిగా ముందు సీట్లో నేను. డ్రైవరు దారంతా ఏదో చెబుతూనే ఉన్నాడు, నాకు ఒక్క ముక్క ఎక్కలేదు. ఆ పిల్లల మొహాలు ఎట్లా చూడాలా అని తప్ప ఇంకో ఆలోచన లేదు. లారీ టైరు పంక్చరైతే బాగుండని మొక్కుకున్నాను. కాలేదు.

గ్రంథాలయం గుమ్మంలో చెప్పులు బోలెడున్నాయి. లోపలికి తొంగి చూస్తే ఎనిమిది తెరలూ వెలుగుతున్నాయి. ఒక్కో తెర ముందు ముగ్గురేసి అమ్మాయిలు. ఒకమ్మాయి ప్రశ్నపత్రం చూసి రాసుకుంటోంది. ప్రింటరు గరగరమంటోంది. ప్రతి తెర మీదా ఒక మూల చిన్న కిటికీ. దాంట్లో ఒకే ఒక్క బటన్, "కనెక్ట్."

ఆ కిటికీ వైపు వేలు చూపించాను. "ఇది... ఎక్కడిదండీ?"

మల్లీశ్వరి గారు చీటీలు రాస్తున్నవారల్లా తలెత్తారు. "అలమరాలోది. నాలుగువేల నాలుగువందల పదిహేడు. మీరే పంపించారుగా కాగితాలు."

టైపు హయ్యరు పాసైన పర్వీన్ అనే అమ్మాయి బైండు పుస్తకం పక్కన పెట్టుకుని, మూడు రోజులు కూర్చుని మొత్తం కొట్టిందట. ముందు నడవలేదట. వరస మొదట్లో వదలాల్సిన ఖాళీలు వదల్లేదని, స్కేలు పెట్టి కొలుచుకుంటూ మళ్లీ కొట్టింది. నా నాలుగు లైన్లు పాత ప్రోగ్రాంని పేరు పట్టి తుడిచేస్తాయి కదా, వీళ్లు దానికి అక్సెషన్ నంబరే పేరుగా పెట్టి దాచుకున్నారు. నంబరు నా కోడ్‌కి తెలియదు. ఇరవైనాలుగో తారీఖు నుంచి హాయిగా నడుస్తోంది. హాల్ టికెట్లు అందరూ తీసుకున్నారు. మా డైరెక్టరు గారి తెర ఐదో వెర్షన్‌ని తప్ప దేన్నీ లెక్కపెట్టదు కాబట్టి అక్కడ మాత్రం ఈ ఎనిమిదీ చచ్చినట్టే.

"నాకు ఒక్క ఫోన్ చెయ్యొచ్చుగా మేడం. ఎంత కుమిలిపోయానో తెలుసా?"

"చేద్దామనే అనుకున్నానండీ. చెబితే మీరు మళ్లీ బాగుచేస్తారని భయమేసింది."

పిల్లలు కిసుక్కుమన్నారు. ఆవిడ "నిశ్శబ్దం పాటించండి" బోర్డు వైపు చూపిస్తే ఊరుకున్నారు. మొహాన ఉమ్మేసినట్టున్నా తుడుచుకుని ఆ మాట నేను ఒప్పుకోవాల్సిందే.

బయట లారీ హారన్ కొట్టింది. డ్రైవరు లోపలికొచ్చి, "సార్, ఎక్కించమంటారా? లేదంటే ఎందుకు లేదో రాతపూర్వకంగా ఇవ్వండి, ఖాళీ బండి తీసుకుపోతే నన్ను తంతారు," అన్నాడు. అమ్మాయిల చేతులు కీబోర్డుల మీద ఆగిపోయాయి. పర్వీన్ లేచి తన కంప్యూటర్‌కి అడ్డంగా నిలబడింది. మల్లీశ్వరి గారు పెన్ను మూత పెట్టి నా వైపే చూస్తున్నారు.

అనధికార వెర్షన్ నడుస్తోందని రాస్తే తుడిచెయ్యాలి. నడవటంలేదని రాస్తే ఎత్తుకుపోవాలి. ఉద్యోగంలో చేరాక మొదటిసారి బుర్ర ఉపయోగించాను. నాది కాదులెండి, ధనకోటి గారిది అరువు తెచ్చుకున్నాను. ఉత్తర్వు వెనకాల ఇట్లా రాశాను:

"విషయము: ఎనిమిది కంప్యూటర్ల తరలింపు. సదరు కంప్యూటర్లు ప్రస్తుతము కొత్తరేవు రౌటర్ నందు విధులలో ఉన్నవి. సదరు రౌటర్ నుండి రిలీవింగ్ ఉత్తర్వులు వెలువడలేదు. మూడవ వెర్షన్ నియమము మేరకు రిలీవింగ్ ఉత్తర్వు లేనిదే పరికరము కదలరాదు. కావున తరలింపు సాధ్యపడదని సమర్పించడమైనది."

కింద తేదీ వేసి, "పూర్వాహ్నము" అని కూడా రాసి సంతకం పెట్టాను. డ్రైవరు జేబులో పెట్టుకుని లారీ ఎక్కాడు. నేను ఎక్కలేదు.

"మేడం, ఆ పుస్తకం ఒకసారి ఇప్పిస్తారా? కాపీ తీసుకుని రేపు పంపిస్తాను."

"రిఫరెన్సు పుస్తకమండీ. బయటికివ్వం. ఇక్కడే కూర్చుని రాసుకోండి."

ఒక అమ్మాయి జరిగి బల్ల దగ్గర చోటిచ్చింది. పర్వీన్ స్కేలు ఇచ్చింది. సాయంత్రం దాకా కూర్చుని, నేను రాసిందే నేను ఎత్తి రాసుకున్నాను. మొదటి పేజీలో "గ్రంథకర్త: కనపర్తి పానకాలరావు" అని ఆవిడ గుండ్రటి అక్షరాలు కనపడితే కళ్లు చెమర్చాయి.

సోమవారం ఆఫీసుకి బిక్కుబిక్కుమంటూ వెళ్లాను. ధనకోటి గారు నా నోటు రెండుసార్లు చదివారు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"పానకాలూ, ఇన్నాళ్లకి నీకు పని తెలిసిందయ్యా. ఎంత చక్కటి నోటు! ఎక్కడా వేలు పెట్టే సందు లేదు." ఫైలు రౌటర్ సంతకం కోసం కొత్తరేవుకి పంపమన్నారు. రౌటర్ ఇంకా సంతకం పెట్టలేదు. పెట్టేదాకా కంప్యూటర్లు అక్కడే ఉంటాయి.

నా సంగతంటారా? నా కంప్యూటర్లో ఐదో వెర్షనే ఉంది, ఆవిష్కర్తని కదా, తీసెయ్యటం బాగుండదన్నారు. బయటికి వెళ్లటానికి నేను పెట్టిన దరఖాస్తు పదకొండు వారాలుగా మెట్ల కింద కాలిపోయిన రౌటర్ గారి పరిశీలనలో ఉంది. అందుకని ప్రతి శనివారం బస్సెక్కి కొత్తరేవు వెళ్తాను. మనిషికి గంటే, వెనకాల పిల్లలు కాచుకుని ఉంటారు. సభ్యత్వం కార్డు చూపించి, రిజిస్టర్లో సంతకం పెట్టి, నా వంతు వచ్చేదాకా బెంచీ మీద కూర్చుంటాను.

నిన్న వంతు వచ్చినప్పుడు పాత అలవాటు కొద్దీ "మేడం, నొక్కొచ్చా?" అని అడిగాను.

"నొక్కండి," అన్నారు ఆవిడ తలెత్తకుండా. "అందుకేగా పెట్టింది."